బండ వీపు మీద గీసిన విమానం

మా బావ తాండూరు స్టేషన్‌లో కేబిన్‌మన్. స్టేషన్‌కు పడమటి కొసన ఉన్న మేడగదిలో నిలబడి, ఇనుప లీవర్లు లాగి, సిగ్నల్ రెక్కను దించడమూ ఎత్తడమూ ఆయన ఉద్యోగం. ఏళ్ళ తరబడి అదే పని చేసేసరికి, లోకంలో కదిలేవన్నీ తను లాగితేనే కదులుతున్నాయన్న నమ్మకం ఆయనకు కుదిరిపోయింది. బొంబాయి బండి బొంబాయి చేరిందంటే అది డ్రైవరు గొప్ప కాదు, ఈయన గొప్ప. నేను అదే ఊళ్ళో, ధాన్యం అమ్మే గంజికి పోయే దారిలో, గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకుని ఉండేవాణ్ని. అక్క మొగుడు కదా, గౌరవించాలి. నోటితో గౌరవించేవాణ్ని. మనసులో మాత్రం ఆ మనిషిని ఏనాడూ పూచికపుల్లకు సమానంగా కూడా చూడలేదు. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడవలసిన సంగతి వేరే ఉంది, అది కూడా చెప్తాను.

అక్కకూ బావకూ ఒక్కతే బిడ్డ. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడినప్పుడు ఆ పిల్ల ఇంట్లో తోచక, తండ్రికి సద్ది పట్టుకుని కేబిన్‌కు పోయి సాయంత్రం దాకా అక్కడే కూర్చునేది. ఒకరోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆకాశంలో చాలా ఎత్తున ఒక విమానం తెల్లగీత గీసుకుంటూ పోతోంది. పిల్ల కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, "నాయినా, దానికి సిగ్నల్ ఎవరిస్తరు?" అని అడిగింది.

బావ లీవర్ వదిలి కిటికీలోంచి పైకి చూశాడు. ప్రశ్నకు జవాబు తెలియకపోవడం ఆయనకు కొత్త కాదు. తెలియదని తనకే తెలియడం కొత్త. "అండ్ల కూసున్నోడే చూస్కుంటడు బిడ్డా. వాని ముంగట గడియారాలుంటయ్" అన్నాడు చివరికి. అది కూడా ఊహే. కానీ పిల్ల దాన్ని మూట కట్టుకుంది.

ఆరేళ్ళు గడిచాయి. ఆ పిల్ల పాసింజర్ బండిలో రోజూ వికారాబాద్ పోయి కాలేజీలో చదువుకునేది. లెక్కల్లో దిట్ట. తిరుగు బండిలో ఎవరో వదిలేసిన పేపర్లో ఒక ప్రకటన చూసి కత్తిరించి తెచ్చింది. హైదరాబాద్‌లో విమానం నడపడం నేర్పే క్లబ్బు ఒకటి ఉందట. ఇంటర్ ప్యాసైన ఆడపిల్లల్లోంచి ఏటా ఒక్కరికి రూపాయి కట్టనవసరం లేకుండా నేర్పుతారట. పరీక్షకు ఒక్కసారే పిలుస్తారు. తప్పితే మళ్ళీ రానివ్వరు. వాళ్ళకు ఉత్తరం రాస్తే ఒక చిన్న పుస్తకం పంపారు. అభ్యర్థిని నేల మీదే ఉండే ఒక డబ్బా విమానంలో కూర్చోబెట్టి, ముందున్న గడియారాలు చకచకా చదవగలదా లేదా అని చూస్తారని అందులో రాసి ఉంది. ఆ గడియారాలు ఎలా ఉంటాయో చూపే బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతనన్నదంట" అన్నాను నేను. అక్క నవ్వింది. పిల్ల నవ్వలేదు. నా వైపు చూసి, "ఉట్టికి ఎగిరి ఏం చేస్త మామ, అండ్ల పాత పెరుగు తప్ప ఏముంటది?" అంది. అప్పటినుంచి ఆ ఇంట్లో అందరికీ ఒకటే ధ్యాస. ఆ ఒక్క సీటు ఈ పిల్లకు రావాలి.

బావ ఊరుకుంటాడా? మొదటి తరగతి పెట్టెల్లో దొరలు వదిలిపోయే ఇంగ్లీషు పుస్తకాలను ఊడ్చేవాళ్ళ దగ్గర అడిగి తెచ్చి తిరగేయడం మొదలుపెట్టాడు. ఆయనకు ఇంగ్లీషు అక్షరం రాదు, బొమ్మలు చాలట. రెండు నెలలకు దొరికింది. నూరుమంది కూర్చునే పెద్ద విమానం లోపలి ఫోటో, నిలువెత్తు కాగితం నిండా. నడిపేవాడి ముందు గోడంతా గడియారాలు. వాటి కుడిపక్కన ఇంజన్ల తాలూకు చిన్నవి, వాటి కింద లీవర్లు. లీవర్లు చూసేసరికి బావ కళ్ళు మెరిశాయి. "సూడు బామ్మర్ది, నా కేబినే! గట్లనే ఉన్నది" అన్నాడు. ఆ గోడను యథాతథంగా తన క్వార్టరు ముందరి గదిలో కడతానన్నాడు. బిడ్డ రోజూ దాని ముందు కూర్చుని చదవాలి, పరీక్ష రోజు కళ్ళు మూసుకుని చెప్పగలగాలి.

అక్కడిదాకా, పోనీ, పిచ్చిలో కూడా ఒక దారి ఉంది. మరి దేంతో కడతావయ్యా అంటే, బండతో అన్నాడు.

ఇది తాండూరువాడు తప్ప ఇంకెవడూ అనడు. మా ఊళ్ళో నేలకు బండ, కప్పుకు బండ, గూటిలో అరకు బండ, పొలం చుట్టూ కంచెకు బండ, కూర్చునే అరుగుకు బండ, చచ్చాక మీద పెట్టేదీ బండే. పుట్టినప్పటినుంచి నాపబండ తప్ప ఇంకో పలకను ఎరగనివాడికి విమానం కూడా బండే అవుతుంది. నేను చెప్పాను. రేకు అన్నాను, చెక్క అన్నాను.

"రేకు వంగుతది. చెక్కకు చెద వడ్తది" అన్నాడు బావ. "బండకు సావు లేదు."

గాల్లో తేలవలసిన వస్తువును ఆరుగురు మోసే బండతో చేస్తానన్నవాడికి ఏం చెప్తాం? చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చిన్నప్పటినుంచి బాగా వచ్చు.

గడియారాల ముఖాలు గీసే పని నా నెత్తిన పడింది. ఆ కాగితం పది రోజులు నా కొట్లో ఉంది. కంటికి భూతద్దం పెట్టుకుని ఒక్కో ముఖం, ఒక్కో అంకె, ఒక్కో ముల్లు చూసి గీశాను. బూట్ పాలిష్ డబ్బాల మూతలకు తెల్లరంగు వేసి, నల్లసిరాతో అంకెలు వేశాను. పాత అలారం గడియారాల ముళ్ళు బిగించాను. గీసిన ముఖాలు ఒక్కొక్కటే చూపిస్తే, ఏది ఏమిటో పిల్ల క్లబ్బు పుస్తకం చదివి చెప్పింది. ఫోటోలో చూస్తే నడుమ నేలకూ ఆకాశానికీ హద్దు చూపేది, దానికి ఎడమన వేగం, కుడిన ఎత్తు. నడుమదానికి రబ్బరు బంతిని సగం నీలం, సగం మట్టిరంగు వేసి కూర్చాను. పని బాగా వచ్చింది. ఆ మూర్ఖుడి పనిలో నేను చేసిన భాగం ఒక్కటే మనుషులు చేసిన పనిలా ఉందని అనుకున్నాను కూడా. పది రోజుల్లో ఆ ఫోటో నా కంటికి ఎంత పట్టిందంటే, ఈరోజు అడిగినా గీసిస్తాను.

తర్వాత కాగితం తీసుకుని బావా నేనూ బండల పాలిష్ కార్ఖానాకు పోయాం. కార్ఖానా యజమాని మూల విరిగిన పెద్ద బండ ఒకటి ఊరికే ఇచ్చాడు. విమానానికి బండ ఇచ్చానని చెప్పుకోవచ్చు కదా మరి. కన్నాలు కొట్టే మేస్త్రీ ఒక ముసలి సాయెబు. నలభై ఏళ్ళ అనుభవం, ఉలి పెడితే గీత తప్పదు. ఆయన తడి ఇసుక పరిపించి, నునుపు పట్టిన ముఖం కిందికి వచ్చేట్టు బండను పడుకోబెట్టాడు. బావ కంగారుపడి, "అరె, మొఖం కిందికెందుకు?" అన్నాడు.

"ఫికర్ నక్కో సాబ్" అన్నాడు మేస్త్రీ. "మొఖం మీద ఉలి పెడితే పెచ్చులు లేస్తయ్. మేం ఎప్పుడైనా వీపు మీదనే గీస్తం, వీపు మీదనే కొడ్తం. గంతే."

అది మా ఊరి పద్ధతి. గడపకైనా, గూటి అరకైనా, నీళ్ళు పోయే జాలారి బండకైనా అంతే చేస్తారు. వాటికి కుడి ఎడమలతో పనేముంది? మేస్త్రీ ఫోటో కాగితాన్ని మైదా జిగురుతో బండ వీపు మీద అంటించాడు. దాని ప్రకారం ప్రతి కన్నం చుట్టూ గీత గీసి, పక్కనే ఎర్రరంగుతో నంబరు వేశాడు. వేగం ఒకటి, హద్దు రెండు, ఎత్తు మూడు, అలా. కొట్టడం మొదలుపెట్టాక ఒకడు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. కాగితం నాని, ముద్దయి, రాతిపిండితో కలిసి కాలవలోకి పోయింది. ఇంకో కాగితం ఎక్కడా లేదు.

ఎడ్లబండి మీద గోనెసంచులు వేసి దాన్ని ఇంటికి చేర్చారు. గంజిలో మూటలు మోసే హమాలీలు ఆరుగురు లోపలికి తెచ్చి, వేపదుంగల చట్రంలో నిలబెట్టారు. నునుపు ముఖం గది వైపుకు, వీపు గోడ వైపుకు. బావ మనిషి పట్టేంత సందు వెనకాల వదిలించాడు. వెనక నుంచి నంబర్లు చూసుకుంటూ మూతలు అందిస్తున్నాడు, నేను ముందునుంచి బిగిస్తున్నాను. ఒకటో నంబరు డబ్బా చేతిలోకి వచ్చింది. వేగం. కన్నం నా కుడిచేతి పక్కన ఉంది.

ఫోటోలో వేగం ఎడమన ఉంది. ఇక్కడ కుడిన ఉంది. ఎత్తు ఎడమకు పోయింది. కుడిన ఉండవలసిన ఇంజన్ల డబ్బాలూ లీవర్లూ మొత్తం ఎడమ కొసకు పోయాయి. చొక్కా తిరగేసి తొడుక్కుంటే జేబు అటుపక్కకు పోయినట్టు, వీపు మీద గీసిన విమానం ముఖం మీదికి వచ్చేసరికి తారుమారైంది. ఎవడైనా కొంచెం ఆలోచిస్తే తెలిసేదే. కానీ ఆ ఫోటోను అంత శ్రద్ధగా చూసినవాణ్ని నేనొక్కణ్నే.

"బావా, గీ ఒకటో నంబరు..." అన్నాను.

బండ వెనకనుంచి గొంతు వచ్చింది. "నువ్వు ముల్లు చూస్కో బామ్మర్ది, నంబర్లు నేను చూస్కుంట. వాచీలు బాగుచేసుడు వేరు, ఇమానం కట్టుడు వేరు."

హమాలీలు నవ్వారు. ఆరుగురూ నవ్వారు. సరే నాయనా, చూసుకో అనుకున్నాను. ఏదో ఒకరోజు తెలిసినవాడు ఎవడైనా వచ్చి ఈ బండను చూసి పకపకా నవ్వుతాడు, ఆనాడు నేనూ పక్కనే ఉంటాను అనుకున్నాను. ఒకటో నంబరు డబ్బాను కుడి కన్నంలో పెట్టి, మేకు బిగించి, ఊడిరాకుండా లక్క కూడా పోశాను.

తెలిసినవాడు ఎవడూ రాలేదు. తెలియనివాళ్ళు మాత్రం తండోపతండాలుగా వచ్చారు. బషీరాబాద్ నుంచి బావ తరఫు చుట్టాలు దిగి, సగం కన్నడం సగం తెలుగు కలిపి, "గిది లేస్తదా? లేస్తే కప్పు ఎట్ల తీస్తరు?" అని అడిగారు. కిరాణా కొట్టాయన పెట్రోలు ఎక్కడ పోస్తారో చూపించమన్నాడు. పక్కింటి ముసలమ్మ బండకు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఎత్తు చూపే డబ్బా మీద పోసింది. ముల్లు తుప్పు పట్టి మళ్ళీ నేనే మార్చాను. బావ ఒక్కొక్కరికీ ముప్పావుగంట చెప్పేవాడు. కందకు లేని దురద కత్తిపీటకు అన్నట్టు, విమానం ఎక్కే గతి లేనివాళ్ళందరికీ విమానం సంగతులే కావాలి. నేను గుమ్మంలో నిలబడి చూసేవాణ్ని. ఇంతమంది మూర్ఖుల నడుమ అసలు సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్ని కదా అని ఒక సుఖం ఉండేది. దానికి రుచి మరిగాను.

రోజూ సాయంత్రం పిల్ల వికారాబాద్ బండి దిగి, కాళ్ళు కడుక్కుని, బండ ముందు కూర్చునేది. కూర్చోవడానికి మూతపడిన మంగలి దుకాణం కుర్చీ, పైకీ కిందికీ పోయేది. చేతిలో లారీ స్టీరింగు సగం ముక్క. బావ బండ వెనక సందులో దూరేవాడు. ప్రతి ముల్లుకూ సైకిల్ బ్రేకు తీగ ఒకటి కట్టి వెనక్కి తెచ్చుకున్నాడు. కేబిన్‌లో లీవర్లు లాగినట్టు ఒక్కో తీగ లాగేవాడు.

ఆయనకు తప్పు ఎందుకు కనపడలేదని మీరు అడగవచ్చు. వెనక నుంచి చూస్తే తప్పు లేదు! ఎర్ర నంబర్లు ఉన్న వైపు అంతా ఫోటోలో ఉన్నట్టే ఉంది. ఎడమన వేగం, కుడిన ఎత్తు. ఆయన ఎప్పుడూ వెనకే ఉన్నాడు. ముందుకు వచ్చి బిడ్డ కుర్చీలో ఒక్కనాడూ కూర్చోలేదు. "అది నా బిడ్డ జాగ, నేనెట్ల కూసుంట" అనేవాడు.

"ఎత్తెంత?" అని వెనకనుంచి అరుపు.

"రెండు వేల మూడొందలు" అని పిల్ల, ఎడమకు చూసి.

"స్పీడెంత?"

"నూటా ఇరవై." కుడికి చూసి.

"గాలొస్తున్నది, బిడ్డా, గాలి!" అని బావ నాలుగు తీగలు ఒక్కసారి గుంజేవాడు. పిల్ల ఎడమచేత్తో లీవర్ తోసి స్టీరింగు తిప్పేది. కందిపప్పులో రాళ్ళు ఏరుకుంటున్న అక్క, "నన్ను ఈడ్నే దించున్రి, నాకు వంటున్నది" అనేది. పిల్ల ఎంత వేగంగా చెప్పేదంటే, ఏడాది గడిచేసరికి తండ్రి నోట ప్రశ్న పూర్తికాకముందే చూపు అక్కడికి పోయేది. కళ్ళకు గంతలు కట్టినా వేలు పెట్టి చూపేది. వేలు పెట్టిన చోటల్లా తప్పే.

చెప్పాలని రెండుసార్లు అనిపించింది. ఒకసారి నేను ముల్లు సరిచేస్తుంటే పిల్ల పక్కన నిలబడి, "నీ ముళ్ళు మస్తున్నయ్ మామ, జరంత కూడ ఒణుకుతలేవు. నాకు సీటొస్తే సగం నీదే" అంది. నోటిదాకా వచ్చింది. అంతలో బావ లోపలికి వచ్చి, "ఏందిరా, ఇంకా గాలేదా, వాచీ అనుకున్నవా?" అన్నాడు. మింగేశాను. రెండోసారి పరీక్షకు ముందురోజు. కావాలనే పోయాను. పిల్ల కొత్త లంగా ఓణీ ఇస్త్రీ చేసుకుంటోంది. ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అయినా తాండూరు కేబిన్‌మన్ బిడ్డకు విమానం ఎవడిస్తాడు, అదంతా పెద్దవాళ్ళ పిల్లలకు ముందే రాసిపెట్టి ఉంటుంది, చెప్తే ఎంత, చెప్పకపోతే ఎంత అనుకున్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

బావకు సెలవు దొరకలేదు. పిల్ల వెంట హైదరాబాద్‌కు నేనే పోయాను. క్లబ్బు ఆవరణలో నన్ను వేపచెట్టు కింద కూర్చోమన్నారు. పదిమంది దాకా ఆడపిల్లలు వచ్చారు. ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. మా పిల్ల లోపలికి పోయిన ఇరవై నిమిషాలకు బయటికి వచ్చింది. ఆమె వెనకే మీసాల పెద్దమనిషి ఒకాయన వచ్చి నాతో, "ఈ అమ్మాయికి ప్రతి మీటరు పేరూ తెలుసండీ, దేనికేమిటో కూడా తెలుసు. ఇంతమందిలో ఈ అమ్మాయి ఒక్కదానికే తెలుసు. కానీ ఎత్తు అడిగితే వేగం వైపు చూస్తుంది, వేగం అడిగితే ఎత్తు వైపు. మీటర్లు పట్టుకుని ఎగరమంటే రెండు నిమిషాల్లో నేలకు కొట్టింది. చూపు అలా అలవాటైంది. అలవాటు లేనివాళ్ళకు నేర్పగలం, తప్పు అలవాటైనవాళ్ళకు కష్టం" అన్నాడు. విచారంగానే అన్నాడు. నాకు ఆయన మీద కూడా చిరాకు వేసింది.

తిరుగు బండిలో పిల్ల వికారాబాద్ దాకా ఒళ్ళో వేలితో గుండ్రాలు గీసుకుంటూ కూర్చుంది. వికారాబాద్‌లో బండి చాలాసేపు ఆగింది. నేను దిగి రెండు మిరపకాయ బజ్జీల పొట్లాలు తెచ్చాను. ఆమె పొట్లం విప్పలేదు.

"అక్కడ అంతా ఉల్టా ఉన్నది మామ" అంది. పొట్లం పక్కన పెట్టి, "కాదు. మనదే ఉల్టా ఉన్నది. బండను ఎన్కకెళ్ళి కొట్టిన్రు గద" అంది. లెక్కల్లో దిట్ట అని చెప్పాను కదా. నాంపల్లి నుంచి వికారాబాద్ వచ్చేలోపు మొత్తం విప్పేసింది.

"గట్లనా?" అన్నాను.

"ఆ ఫోటో పది రోజులు నీ దగ్గరనే ఉండె. బొమ్మలన్నీ గీసింది నువ్వే." నా ముఖంలోకి చూసింది. "ఫోటోల స్పీడు ఎడమ దిక్కే ఉండెనా మామ?"

"యాదికి లేదు బిడ్డా" అన్నాను.

వెంట్రుకంత స్ప్రింగు ఏ గడియారంలో ఎటు తిరిగి ఉందో పదేళ్ళ తర్వాత కూడా చెప్పగలిగేవాణ్ని. ఊరంతా ఎరిగిన సంగతి అది. ఆ పిల్లా ఎరుగును. కొంచెంసేపు అలాగే చూసి, "నాయినకు చెప్పకు. పానం వోతది ఆయనకు" అని కిటికీ వైపు తిరిగింది. ఒట్టేశాను. ఆ ఒట్టు వేయడం ఎంత సులువైందో.

సీటు ఎవరికో పోయింది. బావ పదిహేను రోజులు పట్నంవాళ్ళను తిట్టాడు, ఆడపిల్లని చెప్పి తీసేశారన్నాడు. తర్వాత నా మీద పడ్డాడు. తప్పంతా నా ముళ్ళదట. అవి వణికాయట, అందుకే పిల్ల చూపు చెదిరిందట. నలుగురి ముందూ, గంజి దారిలో, నా కొట్టు మెట్ల మీద నిలబడి అన్నాడు. "బిడ్డ బతుకు ఖరాబ్ చేసినవ్" అన్నాడు. నా ముళ్ళు వణకలేదని ప్రమాణం చేసి చెప్పగలను. అందుకే ఆ తిట్లు నాకు తగల్లేదు. అన్యాయంగా మాటపడ్డవాడిలా తలెత్తుకుని తిరిగాను. ఆ ఇంటికి పోవడం మానేశాను. అక్క మాత్రం అప్పుడప్పుడూ దొంగచాటుగా కొట్టుకు వచ్చి నాలుగు సకినాలో, గారెలో పెట్టి పోయేది. పోతూ కళ్ళు తుడుచుకునేది.

పిల్లకు వికారాబాద్ టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఉద్యోగం వచ్చింది. ఎదురుగా కన్నాల పలక, చేతిలో తీగలు. ఎవరు ఎవరితో మాట్లాడాలంటే వాళ్ళ కన్నంలో తీగ గుచ్చాలి. చాలా చురుకైన మనిషని పేరు తెచ్చుకుందట. అక్కడే పెళ్ళి చేసుకుంది, అక్కడే ఉండిపోయింది. తాండూరు నుంచి ఫోను చేసే పని ఉన్నా, అది ఆ పలక మీదుగా పోతుందని, నేను పోస్టుకార్డు రాసేవాణ్ని.

ఎనభైల నడుమ బావ రిటైరయ్యాడు. రైల్వే క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇంటికి మారేటప్పుడు ఆ బండను పారేయలేక మళ్ళీ ఆరుగురితో మోయించాడట. అక్క దాన్ని పెరట్లో పడుకోబెట్టించి గిన్నెలు తోముకునే జాలారి చేసుకుంది. కన్నాల్లోంచి నీళ్ళు బాగా పోతాయి. ఒక రోజు బావ నా కొట్టు దగ్గరికి వచ్చాడు. దగ్గరదగ్గర పదేళ్ళకు. మనిషి సగం అయిపోయాడు. "ఒకసారి ఇంటికి రా" అన్నాడు. నేను కొట్టు మూసి వెంట పోయాను. పెరట్లో ఆ బండ పక్కన రెండు ముక్కాలి పీటలు వేసి కూర్చోబెట్టాడు. తడిసిన కన్నాల వైపు చూపించాడు.

"ఉల్టా కొట్టించిన బామ్మర్ది. నేనే ఉల్టా కొట్టించిన" అన్నాడు. "మొన్న బిడ్డ వచ్చినప్పుడు ఈడ గిన్నెలు కడుక్కుంట చెప్పింది. ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్నది. నా తోటి తప్పయ్యిందని ఒక్కనాడు అనలే."

పిల్ల మిగతాది కూడా చెప్పే ఉంటుంది అనుకున్నాను. చెప్పాల్సిందే, చెప్పడం న్యాయం అని కూడా అనుకున్నాను, ఆ ఒక్క క్షణం.

"నువ్వు మొదలే పసిగట్టినవంట గద" అన్నాడు బావ. "పరీక్షకు మస్తు ముందే దానికి చెప్పినవంట. బండ తీసి మల్ల కొట్టియ్యాలె, నాయినకు చెప్త అని నువ్వంటే, అదే వద్దన్నదంట. నాయిన గుండె వలుగుతది, నేనే సంభాళించుకుంట అన్నదంట. నీతోని ఒట్టేయించుకున్నదంట. నువ్వు ఒట్టుకు కట్టుబడి, నేను బజార్ల అన్ని మాటలంటుంటే కూడ నోరు తెరువకపోతివి." ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. లీవర్లు లాగి లాగి కాయలు కాసిన చేతులు. "నిన్నెప్పుడు మనిషి లెక్క చూడలె నేను. వాచీలోడు వాచీలోడు అన్న. మాఫ్ చెయ్యి బామ్మర్ది."

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. పదేళ్ళ తర్వాత తమ్ముడు తన పెరట్లో కూర్చున్నందుకు ఏడుస్తోంది. ఆ పిల్ల ఎవరి కోసం ఆ అబద్ధం ఆడిందో అప్పుడు నాకు తెలిసింది. నా కోసం కాదు.

ఆయన చేతులు విడిపించుకుని, జరిగింది అది కాదు బావా అనడానికి ఎంతసేపు పడుతుంది? అంత సమయం ఉంది. బావ నా నోటి వైపే చూస్తున్నాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి నేను ఏం చెప్తానోనని ఎదురుచూస్తున్నాడు.

"పోనీ బావా, గడిచిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు" అన్నాను.

ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుని, తమ్మునికి చాయ్ పెట్టమని అక్కను కేకేశాడు. అక్క నాకు పెద్ద గ్లాసులో తెచ్చింది. మొత్తం తాగాను.